మనకు వీటో అడగొద్దు సార్: విదేశాంగ శాఖకు నెల్లూరు జిల్లా నుంచి ఒక బహిరంగ లేఖ

విదేశాంగ మంత్రిత్వ శాఖ అధికారులకు, న్యూయార్క్‌లో ఐక్యరాజ్య సమితి దగ్గర మన తరఫున కూర్చుంటున్న ప్రతినిధి బృందానికి,

నమస్కారం. ముత్తుకూరు మండలంలో రొయ్యల చెరువులు, కాలువ కింద కాస్త వరి చేసుకునే మనిషిని. మీకు ఉత్తరం రాయడానికి నీ అర్హత ఏందని అడిగితే ఓటరు కార్డు తప్ప చూపించడానికి ఇంకేం లేదు. కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. భద్రతా మండలిలో మనకు శాశ్వత సభ్యత్వం అడగండి, గట్టిగా అడగండి, అందులో నాకే పేచీ లేదు. వీటో, అంటే ఒక్క దేశం కాదంటే తీర్మానం ఆగిపోయే హక్కు, అది మాత్రం అడగొద్దు.

ఇన్నేళ్లుగా మన ప్రతినిధులు చెబుతున్నదాంట్లో రెండు ముక్కలున్నాయి. అయిదు దేశాలకే వీటో ఉండటం అన్యాయం, దేశాలన్నీ సమానమన్న సూత్రానికే అది విరుద్ధం అనేది మొదటి ముక్క. అది ఉన్నంతకాలం కొత్తగా వచ్చే శాశ్వత సభ్యులకు కూడా ఇవ్వాలి అనేది రెండోది. మొదటి ముక్క దగ్గర ఆపితే ప్రపంచంలో సగానికి పైగా దేశాలు తలూపుతాయి. రెండోది చెప్పగానే, ఓహో, వీళ్లకూ ఆ కుర్చీలో వాటా కావాలన్నమాట, అన్యాయం సంగతి ఉత్తదేనన్నమాట అనుకుంటాయి. అనుకోకుండా ఎట్లా ఉంటాయి?

ఈ మాట మా వైపు ఎవరి దగ్గరన్నా అంటే ఊరుకోరు. "ఏంది సామీ, నూట నలభై కోట్ల మందిమి, ఏడు కోట్ల మంది ఉన్న బ్రిటన్‌కు ఉన్నది మనకు వద్దా" అంటారు. ప్రశ్న న్యాయమైందే, దాని వెనక ఉన్న కోపం ఇంకా న్యాయమైంది. కానీ కోపంలో అడుగుతున్న ఆ వస్తువు ఏం పని చేస్తుంది, ఏం పని చేయదు అన్నది చూసుకోవాలి కదా.

వీటో ఆపడానికి మాత్రమే పనికొస్తుంది. దాంతో ఏదీ చేయించలేం. మండలిలో 15 మంది సభ్యులు, తీర్మానం నెగ్గాలంటే 9 ఓట్లు రావాలి, అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్‌లలో ఏ ఒక్కటీ కాదనకూడదు. అంతే. జైషే మహమ్మద్ ముఠా నాయకుడు మసూద్ అజర్ సంగతి గుర్తుందా? అతన్ని మండలి ఉగ్రవాదుల మీద ఆంక్షలు పెట్టే 1267 కమిటీ జాబితాలోకి ఎక్కించే ప్రయత్నం 2009లో మొదలైతే, పఠాన్‌కోట్ దాడి జరిగింది, పుల్వామా జరిగింది, చైనా ప్రతిసారీ టెక్నికల్ హోల్డ్, అంటే చూసుకోవడానికి ఇంకా టైం కావాలి, అంటూ ఆపింది, చివరికి 2019 మే 1న గానీ పేరు ఎక్కలేదు. అప్పుడు టీవీల్లో, ఫోన్లలో అందరిదీ ఒకటే మాట, మనకే వీటో ఉండుంటే అని. ఉండుంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. ఆ కమిటీలో అందరూ ఒప్పుకుంటేనే పేరు ఎక్కుతుంది. మన చేతిలో వీటో ఉన్నా చైనా చేత ఊఁ అనిపించలేం. అణు సరఫరాదారుల బృందంలో చేరడానికి 2016 జూన్‌లో సియోల్ దాకా వెళ్లి వెనక్కి వచ్చాం, అక్కడా అంతే, 48 దేశాలూ ఒప్పుకోవాలి, చైనా ఒప్పుకోలేదు, ఇప్పటికీ అదే కథ. మన కడుపుమంటకు కారణమైన ప్రతి సందర్భంలోనూ మనల్ని ఇబ్బంది పెట్టింది వేరేవాళ్లు ఆపగలగడం. మనం ఆపలేకపోవడం కాదు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడుతున్నాం.

సరే, మనకు వ్యతిరేకంగా వచ్చే తీర్మానాలను ఆపుకోవడానికైనా అక్కరకు వస్తుందిగా అంటారా. వస్తుంది, కాదనను. చరిత్ర కూడా అదే చెబుతుంది. 1957 జనవరిలో మన ప్రతినిధి కృష్ణ మీనన్ కాశ్మీర్ మీద దాదాపు ఎనిమిది గంటలు మాట్లాడి ప్రపంచాన్నంతా అదరగొట్టాడని గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఫిబ్రవరిలో తీర్మానాన్ని ఆపింది ఆ ప్రసంగం కాదు, సోవియట్ వీటో. 1961 డిసెంబరులో గోవాలోకి మన సైన్యం వెళ్లినప్పుడు అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీ కలిసి తెచ్చిన తీర్మానాన్ని కొట్టేసిందీ సోవియట్ వాళ్లే. 1962లో మళ్లీ కాశ్మీర్. 1971 డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధం జరుగుతుండగా పది రోజుల్లో మూడుసార్లు. ఆ మూడు వీటోలు లేకపోతే ఢాకా దాకా వెళ్లడానికి మనకు టైం దొరికేది కాదేమో. ఇవన్నీ ఒప్పుకుంటాను.

అయితే ఆ సాయానికి మనం ఏం చెల్లించామో కూడా చెప్పుకోవాలి. 1956లో హంగరీలోకి సోవియట్ ట్యాంకులు పోయినప్పుడు మనం తటస్థం. 1968లో చెకొస్లొవేకియా అప్పుడు తటస్థం. 1980 జనవరిలో అఫ్గానిస్తాన్ మీద ఓటింగ్ జరిగితే తటస్థం. 2022లో ఉక్రెయిన్ మీద కూడా. ప్రతిదానికీ వేరే కారణాలు కూడా ఉన్నాయి, ఆయుధాలు, చమురు, చైనా సరిహద్దు, అవన్నీ తెలియక కాదు. కానీ ఇంకొకరి వీటో నీడన నిలబడిన దేశం ఆ ఇంకొకరి గురించి నోరు విప్పడానికి ఎంత మొహమాటపడుతుందో మనకంటే బాగా ఎవరికీ తెలియదు. మనకే వీటో ఉంటే ఆ మొహమాటం ఉండదని మీరనొచ్చు. నిజమే. అప్పుడు మన నీడన నిలబడే చిన్న దేశం ఏదో ఒకటి ఆ మొహమాటం పడుతుంది. మనకు నచ్చాల్సిన సంగతేనా అది?

ఇంకో సంగతి. 1971 తర్వాత మనకు వీటో నిజంగా కావాల్సి వచ్చింది ఎన్నిసార్లు? నాకు గుర్తొచ్చేది 1998 ఒక్కటే. పోఖ్రాన్ పరీక్షల తర్వాత జూన్ 6న 1172వ తీర్మానం ఏకగ్రీవంగా చేశారు, మన మీదా పాకిస్తాన్ మీదా. అప్పుడు సోవియట్ యూనియన్ లేదు, రష్యా కూడా అడ్డుపడలేదు. ఏమైంది? అణు కార్యక్రమం ఆపమన్నారు, మనం ఆపలేదు. మన మీద నిజంగా పడిన ఆంక్షలు అమెరికా, జపాన్ లాంటి దేశాలు సొంతంగా వేసినవి, వాటిని ఏ వీటో ఆపలేదు. పదేళ్లు తిరిగేసరికి అదే అమెరికా మనతో అణు ఒప్పందం చేసుకుంది. మన పరపతి పెరిగింది సాఫ్ట్‌వేర్ వల్లా, మార్కెట్ వల్లా, సైన్యం వల్లా. మండలిలో చెయ్యెత్తి ఆపగలిగినందువల్ల కాదు.

మధ్యలో ఒక మాట. నెహ్రూ చేతిలో పెట్టిన వీటోను చైనాకు దానం చేసేశాడు అనే వాట్సాప్ ఫార్వర్డ్ మా గ్రూపుల్లో ఏడాదికి రెండుసార్లన్నా తిరుగుతుంది. 1950లో అమెరికా వైపు నుంచీ, 1955లో సోవియట్ ప్రధాని బుల్గానిన్ నోటి నుంచీ ఏవో కదలికలు, సూచనలు వచ్చిన మాట నిజమే, ఆయన ఆసక్తి చూపని మాటా నిజమే. కానీ 1955 సెప్టెంబరులో లోక్‌సభలో అడిగితే అలాంటి ప్రతిపాదన ఏదీ రాలేదని ఆయనే చెప్పారు, అదలా ఉంచితే సమితికి రాజ్యాంగం లాంటి చార్టర్ మార్చకుండా ఏ ఒక్క దేశమూ ఇంకో దేశానికి ఆ సీటు ఇవ్వలేదు. దీని మీద ఇంకా తగాదా పడటం టైం వేస్టు. ఈ ప్రచారం వల్ల జరిగిన నష్టం ఏంటంటే, వీటో అనేది మనకు రావాల్సిన ఆస్తి, ఎవరో నొక్కేశారు అనే భావం జనంలో పాతుకుపోయింది. మీరు కూడా ఆ భావానికి భయపడి రెండో ముక్క వదలడం లేదేమోనని నా అనుమానం.

ఆస్తి అంటే గుర్తొచ్చింది, అసలు దాన్ని 1945లో ఎట్లా రాసుకున్నారో చూడండి. ఫిబ్రవరిలో యాల్టాలో అమెరికా, బ్రిటన్, సోవియట్ నాయకులు ముగ్గురు కూర్చుని ఖాయం చేసేసుకున్నారు. జూన్ నాటికి శాన్ ఫ్రాన్సిస్కోలో చార్టర్ రాసే సభలో చిన్న దేశాలు, ముఖ్యంగా ఆస్ట్రేలియా తరఫున ఎవాట్, ఇదేం పద్ధతని గొడవ చేస్తే, అమెరికా సెనేటర్ కొనాలీ చార్టర్ ముసాయిదా కాగితాలు అందరి ముందూ చించి పారేసి, వీటో వద్దంటే మీరు చించేది ఈ చార్టర్‌నే అని బెదిరించాడు. అప్పటికి మనం బ్రిటిష్ పాలనలోనే ఉన్నా వ్యవస్థాపక సభ్యులం. ఆ సభకు మన తరఫున నాయకత్వం వహించి సంతకం చేసిన ఆర్కాటు రామస్వామి మొదలియార్ మన కర్నూలులో పుట్టిన మనిషి అని మా పిల్లలకు చెబితే నమ్మరు. సరే, సంతకాలైన ఎనిమిది నెలలకు, 1946 ఫిబ్రవరి 16న, మొదటి వీటో పడనే పడింది. సిరియా, లెబనాన్ నుంచి బ్రిటిష్, ఫ్రెంచ్ సైన్యాలు వెళ్లిపోయే విషయంలో తీర్మానం మెత్తగా ఉందని సోవియట్ కాదంది.

అన్నింటికంటే గడుసు పని 108వ అధికరణ. చార్టర్‌లో ఒక్క అక్షరం మార్చాలన్నా సర్వసభ్య సభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుని, అంతమంది తమ దేశాల్లో ఆమోదించి, ఆ ఆమోదించిన వాళ్లలో ఈ అయిదుగురూ ఉండాలి. అంటే వీటో తీసేయడానికి కూడా వీటో ఉంది, కొత్తవాళ్లకు ఇవ్వడానికి కూడా ఉంది. మరి చైనా తన చేత్తో మన చేతికి వీటో ఇస్తుందని మీలో ఎవరన్నా నిజంగా నమ్ముతున్నారా? 1972 ఆగస్టులో బంగ్లాదేశ్ సభ్యత్వాన్నే వీటో చేసిన దేశం అది, అదీ మండలిలో కూర్చున్నాక దాని మొట్టమొదటి వీటో. మిగతా నలుగురూ మన సీటుకు మద్దతు అంటారు, వీటో అనే మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలావరకు జాగ్రత్తపడతారు. 2024 సెప్టెంబరులో ఆఫ్రికాకు రెండు శాశ్వత సీట్లు ఇద్దామని అమెరికా చెప్పింది, వీటో మాత్రం ఉండదని అప్పుడే తేల్చేసింది.

2005లో మనం, బ్రెజిల్, జర్మనీ, జపాన్ కలిసి పెట్టిన ముసాయిదాలో కొత్తగా ఆరు శాశ్వత సీట్లు అడిగాం, పదిహేనేళ్ల దాకా వీటో వాడబోమని, తర్వాత సమీక్ష చేసుకుందామని రాశాం. ఓటింగు దాకా కూడా రాలేదు. ఆఫ్రికా దేశాలు అదే ఏడాది వీటోతో సహా రెండు సీట్లు కావాలని పట్టుబట్టాయి, మనవాళ్లు వాళ్లను ఒప్పించలేకపోయారు. పాకిస్తాన్, ఇటలీ ముఠా ఒకటి మాకొద్దు, ఎవరికీ వద్దు అంటూ అడ్డం నిలబడింది. పెట్టుబడి లేని వ్యతిరేకత అది, మన రెండో ముక్కను చూపించి చిన్న దేశాలను భయపెడితే చాలు.

ఆరు కొత్తవాళ్లకు కూడా వీటో వస్తే 5 కాస్తా 11 అవుతాయి. దీన్ని మా కాలువ భాషలో చెబుతాను. కాలువ మొదట్లో పొలం ఉన్న అయిదుగురు ఆసాములు ఎవరికి తోచినప్పుడు వాళ్లు షట్టరు దించేస్తున్నారు, శివారు ఆయకట్టుకు నీళ్లు అందడం లేదు, కాలువ చూసుకునే లస్కరు కూడా ఏం చేయలేడు. శివారు రైతులందరూ పోగై గొడవ చేస్తుంటే వాళ్లలో కాస్త బలమైన ఆసామి లేచి, నిజమే, ఇది ఘోరం, కాబట్టి నాకూ ఒక షట్టరు పెట్టించండి అంటే ఎట్లా ఉంటుంది? ఆయనకు నీళ్లు రావచ్చు. మిగతా శివారు ఇంకా ఎండుతుంది. గాజా మీదనో, ఉక్రెయిన్ మీదనో ఏ తీర్మానమన్నా నెగ్గాలంటే 11 రాజధానుల్లో ఒక్కరి ప్రయోజనానికి కూడా తగలకూడదు అన్నప్పుడు ఇక ఆ మండలి ఎందుకు, తాళం వేసుకోవచ్చు.

ఇప్పుడే ఎట్లా ఉందో చూస్తున్నాంగా. 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్ మీద తీర్మానానికి 11 మంది అవునన్నారు, మనం, చైనా, యూఏఈ తటస్థం, రష్యా ఒక్కటే కాదంది, పోయింది. ఆ నెల మండలి అధ్యక్ష స్థానంలో ఉన్నది కూడా రష్యానే! దాడి చేసినవాడే పెద్దమనిషి కుర్చీలో కూర్చుని తన మీద ఫిర్యాదు తనే కొట్టేశాడు. ఆ వీటో లేకపోతే యుద్ధం ఆగేదని నేననను. కానీ ఆ రోజుల్లో మా కృష్ణపట్నం పక్కన పంటపాళెంలో నూనె రిఫైనరీలు సన్‌ఫ్లవర్ ముడినూనె కోసం ఎదురుచూడటం, ఇంట్లో ఆడవాళ్లు పామాయిల్‌కు మారడం, మన తెలుగు పిల్లలు ఖార్కివ్ మెడికల్ కాలేజీల బంకర్లలోంచి ఫోన్లు చేయడం, ఇవన్నీ చూశాక అదేదో దూరదేశపు వ్యవహారం అని ఎవరూ అనరు. ఇటుపక్క అమెరికా తక్కువేం తినలేదు. 2023 అక్టోబరు నుంచి 2025 సెప్టెంబరు దాకా గాజా మీద ఆరు తీర్మానాలను ఒంటరిగా కొట్టేసింది, చివరి మూడుసార్లూ మిగిలిన 14 మంది ఒకవైపు ఉన్నారు. 2023 డిసెంబరులో సర్వసభ్య సభలో 153 దేశాలు కాల్పులు ఆపమని ఓటేశాయి, మనం కూడా వేశాం, చాలా మంచిపని. దానికి కట్టుబడాల్సిన పని మాత్రం ఎవరికీ లేదు.

ఇక మీకు అసలు చెప్పాలనుకున్నది జెనీవా గురించి. వీటో అంటే అందరూ న్యూయార్కే అనుకుంటారు గానీ మా జిల్లా రైతుకు రోజువారీ తగిలే వీటో జెనీవాలో ఉంది. ప్రపంచ వాణిజ్య సంస్థలో 166 మంది సభ్యులు, అక్కడ ఏదైనా ఏకాభిప్రాయంతోనే, ఎవరు లేచి కాదన్నా ఆగిపోతుంది. పేరుకు వీటో కాదు, పని అదే. తమాషా ఏంటంటే అదే నియమం మా వరిని కాపాడింది, మా రొయ్యను ముంచింది.

వరి సంగతి ముందు. 2014 జులైలో మన ప్రభుత్వం వాణిజ్య సదుపాయాల ఒప్పందాన్ని, అంటే సరిహద్దుల్లో సరుకు కదలిక తేలిక చేసే ఒప్పందాన్ని, ఆపేసింది. ప్రపంచమంతా మనల్ని తిట్టిపోసింది. ఎందుకు ఆపాం? మద్దతు ధరకు ప్రభుత్వం ధాన్యం కొంటే దాన్ని సబ్సిడీగా లెక్కగట్టి పంట విలువలో 10 శాతం దాటకూడదంటారు, ఆ లెక్కకు 1986–88 నాటి ధరలను ఆధారంగా పెట్టుకుంటారు! ఆ రోజుల్లో పుట్టి ధాన్యం ఎంతకు అమ్మామో మా నాయనను అడిగితే నవ్వుతాడు. ఆ 10 శాతం దాటినా కేసు వేయబోమని 2013లో బాలిలో ఇచ్చిన తాత్కాలిక రక్షణ శాశ్వత పరిష్కారం దొరికేదాకా ఉంటుందని రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా మనం కదల్లేదు, నవంబరులో ఒప్పుకున్నారు. ఆ రక్షణనే తర్వాత బియ్యం విషయంలో మనం నిజంగానే వాడుకోవాల్సి వచ్చింది. అప్పుడు మీ శాఖ, వాణిజ్య శాఖ చేసింది సరైన పని. ఈ లేఖ రాస్తున్నవాడు కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసే మనిషి, ఆ మేలు మరిచిపోడు.

ఇప్పుడు రొయ్య. 1990లలో తాబేళ్లకు హాని చేసే వలలతో పట్టిన సముద్రపు రొయ్యలు కొనబోమని అమెరికా నిషేధం పెడితే మనం, పాకిస్తాన్, మలేషియా, థాయిలాండ్ కలిసి వాణిజ్య సంస్థలో కేసు వేశాం. కలిసి, అవును, మనమూ పాకిస్తానూ. 1998 అక్టోబరులో ఆ సంస్థలో అప్పీళ్లు వినే అప్పిలేట్ బాడీ చెప్పిన తీర్పులో తాబేళ్లను కాపాడుకోవడం తప్పు కాదు గానీ దాన్ని అమలు చేసిన తీరులో దేశానికో న్యాయం ఉంది, అది చెల్లదని తేల్చారు, అమెరికా తన నిబంధనలు సవరించుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద దేశం మీద నాలుగు ఆసియా దేశాలు నెగ్గాయి. అదీ నియమం అంటే. ఆ అప్పిలేట్ బాడీ ఇప్పుడు ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఏడుగురు ఉండాలి, కేసు వినడానికి కనీసం ముగ్గురు కావాలి, కొత్తవాళ్ల నియామకాన్ని అమెరికా వరసగా అడ్డుకుంటూ పోతే 2019 డిసెంబరుకు ఒక్కరు మిగిలారు, 2020 నవంబరు 30న ఆ ఒక్కరూ పోయారు. ముందుగా కేసు వినే కింది ప్యానెల్‌లో ఓడినవాడు అప్పీల్ అంటే చాలు, వినేవాడు లేడు కాబట్టి కేసు గాల్లో ఉండిపోతుంది.

2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 25, తర్వాత మరో 25, మొత్తం 50 శాతం చేసిన రోజులు మా వైపు అందరికీ గుర్తున్నాయి. దాని పైన, మరీ చౌకగా అమ్ముతున్నారనీ సబ్సిడీ ఉందనీ అప్పటికే వేసిన యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు వేరే. చెరువులో కౌంటు వచ్చి ఉంది, అంటే రొయ్య అమ్మే సైజుకు ఎదిగింది, రేపు పట్టుబడి పెట్టుకుందాం అనుకున్నవాళ్లకు కొనేవాళ్లు ఫోన్లు ఎత్తడం మానేశారు. ఎత్తినవాళ్లు చెప్పిన రేటు వింటే మేత ఖర్చు కూడా రాదు, ఏరేటర్ల కరెంటు బిల్లు సంగతి దేవుడెరుగు. ఉంచుకుందామంటే వైరస్ టెన్షన్, అమ్ముకుందామంటే నష్టం. ఈ సుంకాల మీద నెగ్గే కేసు ఉందో లేదో తేల్చాల్సింది లాయర్లు, నేను కాదు. నేను చెప్పేదల్లా, నెగ్గినా ఆ తీర్పును కాగితంగానే ఉంచేసే దారి ఒకటి తెరిచి ఉంది, దాన్ని తెరిచింది ఏకాభిప్రాయం పేరుతో ఒక్క దేశం ఆపగలగడం.

మరి అక్కడ మనం కూడా ఆపుతాం కదా, అది మాత్రం మంచిదా? 2024లో అబుదాబిలో 120కి పైగా దేశాలు కావాలన్న పెట్టుబడుల ఒప్పందాన్ని అడ్డుకున్నవాళ్లలో మనమూ ఉన్నాం. కారణాలున్నాయి, కొన్ని నాకూ సబబే అనిపించాయి. తేడా ఒకటే, అక్కడ ఆపే హక్కు కొమొరోస్ లాంటి చిన్న ద్వీప దేశానికి కూడా ఉంది. అందరికీ ఉన్న హక్కు కాబట్టి వాడినవాడు అందరికీ సంజాయిషీ చెప్పుకుంటాడు, మిగతావాళ్లతో బేరం కుదుర్చుకుంటాడు, 2014లో మనం కుదుర్చుకున్నట్టు. అయినా అందులోనూ పెద్దవాడు వాడితే అప్పిలేట్ బాడీయే కూలిపోయింది. అందరికీ ఉన్నప్పుడే ఇంత ప్రమాదమైనది అయిదుగురికో పదకొండు మందికో ఉంటే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. దేశాలకు అప్పులిచ్చే అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) సంగతి సరేసరి, పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా ఒక్కదాని చేతిలో 16 శాతానికి పైగా ఉన్నాయి, 2010లో ఒప్పుకున్న సంస్కరణ వాళ్ల కాంగ్రెస్ కదిలేదాకా, అంటే 2016 దాకా అమల్లోకి రాలేదు.

క్రికెట్ చెప్పకపోతే మావాళ్లకు అర్థం కాదు. ఐసీసీలో 1993 దాకా ఇంగ్లండ్, ఆస్ట్రేలియాలకు వీటో ఉండేది. తీసేశారు. ఆకాశం ఊడిపడలేదు, ఆట ఇంకా పెరిగింది. తర్వాత కాగితం మీద ఏ వీటో లేకుండానే మన బోర్డు మాట అక్కడ ఎంత చెల్లుతుందో చూస్తున్నాం, 2014లో మనం, ఆ ఇద్దరూ కలిసి డబ్బులూ పెత్తనమూ పంచుకున్న తీరూ చూశాం. దాని గురించి గర్వపడాలా సిగ్గుపడాలా అన్నది వేరే లేఖ.

వీటో సమర్థకుల వాదన కూడా నేను చదివాను, అది కొట్టిపారేసేది కాదు. ఐక్యరాజ్య సమితికి ముందున్న నానాజాతి సమితిలో అమెరికా అసలు చేరలేదు, జపాన్, జర్మనీ 1933లో, ఇటలీ 1937లో లేచి వెళ్లిపోయాయి, సంస్థ చచ్చిపోయింది. వీటో అనేది పెద్దవాళ్లను గదిలో కూర్చోబెట్టడానికి ఇచ్చిన లంచం, అది తీసేస్తే వాళ్లు బయటికి పోతారు, అణ్వస్త్రాలున్న దేశం మీద మిగతావాళ్లు ఓటేసి యుద్ధానికి పోయే ప్రమాదం కూడా ఉంది. ఒప్పుకుంటున్నా. అందుకే రేపే తీసేయమని అడగమని మీకు చెప్పడం లేదు. కానీ ఆ వాదన ప్రకారం కూడా మనకు వీటో అక్కర్లేదు, ఎందుకంటే వీటో లేకపోతే లేచిపోతాం అని మనం ఏనాడూ బెదిరించలేదు. ఎనిమిది దఫాలు ఎన్నికైన సభ్యులుగా కూర్చున్నాం, మొదటిది 1950–51, చివరిది 2021–22. శాంతి సైన్యాలకు జవాన్లను పంపుతూనే ఉన్నాం.

వీటో లేని శాశ్వత సీటు రెండో తరగతి పౌరసత్వం అంటారు మీ రిటైర్డ్ రాయబారులు కొందరు. బ్రిటన్, ఫ్రాన్స్ 1989 డిసెంబరు తర్వాత వీటో ఒక్కసారి కూడా వాడలేదు. వాళ్ల మాట చెల్లడం ఆగిందా? చెల్లడానికి కారణం, ఎప్పుడూ ఆ గదిలో ఉండటం, పాత ఫైళ్లన్నీ గుర్తుండటం, దేశాల వారీగా తీర్మానాల ముసాయిదా రాసే పని ఎక్కువగా వాళ్లూ అమెరికా చేతుల్లోనే ఉండటం. వాడకపోయినా బెదిరింపు ఉంటుందిగా అంటే, ఉంటుంది, కొంత. కానీ రాసేవాడికి ఉన్న బలం ఆపేవాడి బలం కంటే తక్కువేం కాదు. ఎప్పుడో ఒకసారి రెండేళ్లకని వచ్చి, పని అర్థమయ్యేసరికి దిగిపోయే బదులు, ఏటా ఆ గదిలో కూర్చునే కుర్చీ మనకు కావాలి. సీటు ఒక్కటే అడిగితే మన మాట బలహీనపడదు, చైనా చెప్పుకునే సాకు ఒకటి తగ్గుతుంది, ఆఫ్రికాతో కూర్చుని మాట్లాడటం తేలికవుతుంది.

అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఒక్కరు కాదంటే ఆగే బదులు అయిదుగురిలో ఇద్దరు కాదంటేనే ఆగాలి అని అడగండి. ఊచకోతల విషయంలో వీటో వాడకుండా ఉందామని ఫ్రాన్స్, మెక్సికో 2015 నుంచి చెబుతున్నాయి, ఆ పక్కన గట్టిగా నిలబడండి. 2022 ఏప్రిల్ 26న లిక్టన్‌స్టైన్ తెచ్చిన తీర్మానం వల్ల ఇప్పుడు ఎవరు వీటో వేసినా పది పనిదినాల్లో సర్వసభ్య సభ కూర్చుని చర్చించాల్సిందే. మా కావలి పట్టణంలో సగం జనాభా కూడా లేని దేశం చేసిన పని అది! ఆ రోజు మన ప్రతినిధి అందరినీ కలుపుకుని చేయలేదని విచారం వ్యక్తం చేశారు. ప్రక్రియ మీద అభ్యంతరం ఉండొచ్చు సార్, కానీ ఆ పని మనం చేసి ఉండాల్సింది కాదా?

ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముఖ్యం, చార్టర్ మార్చాల్సిన పని కూడా లేదు. 27వ అధికరణ మూడో క్లాజులోనే ఉంది, ఆరో అధ్యాయం కింద వివాదాల శాంతియుత పరిష్కారానికి సంబంధించిన నిర్ణయాల్లో కక్షిదారుగా ఉన్న దేశం ఓటు వేయకూడదని. దాన్ని పెద్ద దేశాలు మూలన పడేశాయి. మనం మాత్రం పాటించాం. 1950లో, 1951లో కాశ్మీర్ మీద తీర్మానాలు వచ్చినప్పుడు మండలిలో సభ్యులుగా కూర్చుని కూడా, మనకు నచ్చనివైనా, వ్యతిరేకంగా ఓటు వేయకుండా తటస్థంగా ఉన్నాం. మన ఓటుతో ఆగేవి కావు, అయినా పాటించాం. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో లేదు, మీ ప్రసంగాల్లో కూడా నాకు కనబడలేదు. దీన్ని ఎందుకు దాచుకుంటున్నారో అర్థం కాదు. ఈ నియమాన్ని మళ్లీ బతికించమని అడగడానికి మనకంటే అర్హత ఉన్న దేశం ఏది?

2028–29 కాలానికి మళ్లీ ఎన్నికైన సభ్యత్వానికి పోటీ చేస్తామని ఇప్పటికే ప్రకటించారు. ఓట్లు అడగడానికి కరపత్రం ఒకటి ఎలాగూ అచ్చు వేస్తారు. అందులో భారత్ తనకు వీటో కోరడం లేదు అని ఒక వాక్యం, 1951లో మనం ఏం చేశామో ఒక వాక్యం వేయండి. తెలుగులో కూడా వేస్తే ఒక కట్ట నాకు పంపండి, ఇక్కడ పంచే బాధ్యత నాది, తిట్లు పడితే పడతాను.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
ముత్తుకూరు మండలం,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా